ఆ రకం ఇప్పుడు రావట్లేదు

మాచర్ల బజారులో మాది కిరాణా కొట్టు. కొట్టు వెనక గదిలో, పప్పు బస్తాలకూ నూనె డబ్బాలకూ మధ్య ఒక పాత కంప్యూటరు ఉంటుంది. నరసరావుపేటలో ఒక ఇంటర్నెట్ సెంటరు మూసేస్తుంటే వెళ్ళి బేరమాడి తెచ్చాను. బల్లకు వేరే రేటు చెప్పారు. "బల్ల లేకుండా దీన్ని నెత్తిన పెట్టుకుని కొట్టమంటావా?" అని గొడవపడి బల్లను ఊరికే లాక్కున్నాను. ఆ గెలుపు గురించి చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ బల్లను మోసుకుపోయే మనిషి దొరికాడని వాళ్ళే ఊపిరి పీల్చుకుని ఉంటారు.

దాని మీద పనిచేసేది నేను కాదు, నా భార్య. పెళ్ళి శుభలేఖలు కొడుతుంది. నరసరావుపేటలో ఒక ప్రెస్సు యజమాని మ్యాటరు రాసిన కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి పంపుతాడు. ఆమె దాన్ని తెలుగులో టైపు చేసి, అమర్చి, తిరిగి పంపుతుంది. పెళ్ళికి ముందు ఆ ప్రెస్సులోనే కూర్చుని కొట్టేది. అప్పటినుంచి ఆయన్ను అన్నయ్యా అంటుంది కాబట్టి నాకు బావ అయ్యాడు.

ఆమె కొట్టేటప్పుడు చూడాలి. కీబోర్డు వైపు కన్నెత్తి చూడదు. కాగితం మీదే చూపు. "పోపు మాడుతోంది, స్టవ్వు కట్టెయ్యండి" అని నాకు చెబుతూనే వధువు తాతగారి ఇంటిపేరు పూర్తిచేస్తుంది. నా బేరాల గొప్పలు నేనే చెప్పుకోవాలి. ఆమె వేళ్ళ గొప్ప మాత్రం పేట దాకా చెప్పుకుంటారు. ఇంట్లో తనదంటూ ఉన్న పని అదొక్కటే. కొట్టు మా నాన్నది, తర్వాత నాది. వంట అందరిది. శుభలేఖలు మాత్రం ఆమెవి.

మొన్న ఉగాదికి ముందు ఆ కంప్యూటరు పడకేసింది. ఆన్ చేస్తే అరగంటకు తెర వచ్చేది. ఒక అక్షరం కొడితే అది కనబడేసరికి ఆమె వేళ్ళు మూడు మాటల అవతల ఉండేవి. వైశాఖం ముహూర్తాల మ్యాటరు ఇక వచ్చే రోజులు. ప్రెస్సాయన ఫోన్ చేసి మర్యాదగానే చెప్పాడు.

"చెల్లెమ్మా, ఇక్కడ ఒక పిల్ల ల్యాప్‌టాప్ పెట్టుకుని పని కోసం అడుగుతా ఉంది. నీ మిషను బాగైతే నీకే. కాకపోతే నేనేం చెయ్యను, పెళ్ళిళ్ళు ఆగవు గదా."

ఒక్క సీజను చెయ్యి మారితే మళ్ళీ రాదు. కొట్టు నడిపేవాణ్ణి, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎదురు కొట్టుకు ఒక నెల వెళ్ళిన గిరాకీ మన కొట్టు ముందు నుంచి పోతూ కూడా తల తిప్పుకుని పోతుంది.

కంప్యూటరు డబ్బాను గోనెసంచిలో పెట్టుకుని పేట బస్సెక్కాను. కండక్టరు లగేజీ టికెట్టు అన్నాడు.

"ఒళ్ళో పెట్టుకుంటానయ్యా, బిడ్డలాగా."

"ఐదు దాటితే హాఫు, పన్నెండు దాటితే ఫుల్లు. నీ బిడ్డకి ఎన్నేళ్ళు పెద్దాయనా?"

బస్సంతా నవ్వింది. నిజానికి దానికి పన్నెండు ఎప్పుడో దాటాయి. నోరు మూసుకుని లగేజీ టికెట్టు తీసుకున్నాను.

పేటలో రిపేరు షాపు అతను మూత విప్పి, వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు. లోపలున్నది దుమ్ము కాదు, కారం. కొట్టులో మేం పొట్లాలు కట్టిన మిరప్పొడి, పసుపు, శనగపిండి అన్నీ ఆ ఫ్యానులో పొరలు పొరలుగా పేరుకుని ఉన్నాయి.

"ఇది కంప్యూటరా, కారం మిల్లా? దీనికి ఇప్పటి విండోసు ఎక్కదు. కొత్తది తీసుకో బాబాయ్."

"కొత్తది ఎవడైనా అమ్ముతాడు. బాగుచేసేవాడే మెకానిక్కు."

"మెచ్చుకుని రేటు తగ్గించుకుందామనా? నీలాంటోళ్ళని రోజుకి పదిమందిని చూస్తా."

చివరికి అతను మూలన పడేసిన ఇంకో చచ్చిన డబ్బాలోంచి మెమరీ ముక్క ఒకటి పీకించి, మా దాంట్లో పెట్టించి, లోపల శుభ్రం చేయించుకుని, గోనెసంచి భుజాన వేసుకుని వచ్చేశాను. కొత్తది కొనే స్తోమత పూర్తిగా లేక కాదు. పాతది ఉండగా కొత్తది కొనడం మా వంశంలో ఎవరూ చేయలేదు. అది చేసిన మొదటివాణ్ణి కావాలంటే ఏదో తెలియని బరువు.

ఇంటికొచ్చాక కూడా మిషను నడక మారలేదు. దారి చూపించింది ఒక మేష్టారమ్మ. రెంటచింతల నుంచి రోజూ బస్సులో వచ్చి ఇక్కడి జూనియర్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. తిరుగు బస్సుకు ముందు మా కొట్టులో సరుకులు తీసుకుంటుంది. సంగతి విని, "లైనక్సు వెయ్యి బాబాయ్. అందులో పాత మిషన్ల కోసమే లైటు రకం ఉంటది. పెన్ డ్రైవులో వేసి రేపు తెచ్చిస్తా" అంది.

"ఎంతవుద్దమ్మా?"

"ఫ్రీ."

మా ఇళ్ళలో ఆ మాట వింటే చెయ్యి జేబు మీదకు పోతుంది.

"సరే, ఫ్రీయే అనుకుందాం. లైటంటే ఏంది? తేలికంటే అందులో ఏదో తీసేసి ఉంటారు గదా."

"నీకు అక్కర్లేనివి తీసేశారు."

"నాకేం అక్కర్లేదో వాళ్ళకెట్టా తెలిసిందమ్మా?"

ఆమె నవ్వి బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది. మరునాడు పెన్ డ్రైవు తెచ్చింది. ఊరికే తీసుకోలేక కిలో పెసరపప్పు సంచిలో పెట్టబోతే, వద్దని మళ్ళీ బల్ల మీద పెట్టింది. బేరం లేకుండా ఒక వస్తువు ఇంట్లోకి రావడం నాకు అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మా బజారులో కుక్క కూడా తిరగదు. షట్టరు సగం దించి, వెనక గదిలో చేరి, బనీనుతో ఆ పనిలో కూర్చున్నాను. మా ఆవిడ అప్పటికే పాత శుభలేఖలన్నీ వేరే పెన్ డ్రైవులోకి ఎక్కించుకుంది. మొదటి రోజు మిషను పెన్ డ్రైవును గుర్తే పట్టలేదు. ఆన్ చేసిన క్షణంలో ఏదో మీట నొక్కాలట. నేను నొక్కేసరికి ఆ క్షణం దాటిపోయేది. మళ్ళీ ఆపు, మళ్ళీ వెయ్యి. రెండో రోజు నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చీమల బారులా పాకి సగంలో ఆగిపోయాయి. మూడో రోజు కరెంటు పోయింది. మేష్టారమ్మకు ఫోన్ చేస్తే, క్లాసు మధ్యలో బయటికొచ్చి మెల్లగా చెప్పింది: "బాబాయ్, కంగారుపడి నొక్కమాక. అడిగింది చదివి నొక్కు." జీవితంలో నేను ఏ కాగితమూ పూర్తిగా చదివి సంతకం పెట్టినవాణ్ణి కాదు. మనిషి మొహం చూసి పెట్టేవాణ్ణి. దానికి మొహం లేదు.

నాలుగో రోజు ఎక్కింది. సాదా తెర, కింద బూడిద రంగు పట్టీ, అంతే. పది అంకెలు లెక్కపెట్టేలోపు తెరుచుకుంది. నా వీపు మీంచి చెమట కుర్చీ మీదకు కారుతోంది. తెలుగు కోసం కీబోర్డు ఎంచుకోమంది. తెలుగు అన్నచోట ఒకటి కాదు, అరడజను రకాల పేర్లున్నాయి. వాటిలో ఒకటి ఇన్‌స్క్రిప్టు. అది సర్కారు వాళ్ళ అమరిక అని ఎక్కడో విన్నాను. రేషను బియ్యంలా కనీసం అంతటా ఒకటే ఉంటుందిలే అనుకున్నాను. ఇంకొకటి యాపిల్. ఆ పేరు చూసి నవ్వొచ్చింది. కారం పట్టిన ఈ డబ్బాకి యాపిల్ ఎందుకు, అది ఖరీదు ఫోన్లవాళ్ళ సరుకు, ముట్టుకుంటే రేపు ఏం బిల్లు పంపుతారో అని దాటేశాను. ఇన్‌స్క్రిప్టు నొక్కి, వీపు తుడుచుకుంటున్నాను.

మా ఆవిడ టీ గ్లాసుతో వచ్చింది. తెర చూసి మొహం విప్పారింది. గ్లాసు నా చేతికిచ్చి కూర్చుని, రెండు మాటలు కొట్టింది. తెర మీద మాటలు కాదు, ముక్కలు పడ్డాయి.

"ఏమండీ, నేను కొట్టే కీబోర్డు లేదా ఇందులో?"

నేను తల కూడా ఎత్తకుండా అన్నాను: "ఆ రకం ఇప్పుడు రావట్లేదు."

ఈ మాట మా నాన్న నేర్పింది. కొట్టులో అడిగిన సరుకు అటక మీద ఉండి, ఎక్కి తీసే ఓపిక లేనప్పుడు, లేక అసలు ఉందో లేదో తెలియనప్పుడు, "లేదు" అనకూడదు. "లేదంటే కొట్టుది తప్పురా. రావట్లేదంటే కంపెనీది తప్పు" అనేవాడు. రోజుకు ఇరవైసార్లు అంటాను. అది అబద్ధమని నాకెప్పుడూ అనిపించలేదు. తుమ్ములాగా వచ్చేస్తుంది. వినే గిరాకీలు కూడా నమ్మరు, నవ్వి ఇంకో రకం అడుగుతారు.

ఆమె నమ్మింది. ఆమె గిరాకీ కాదు కదా.

"రావట్లేదా?" అంది. కాసేపు తెర వంక చూసింది. "సరే. నేర్చుకోవాలిగా మరి."

ఇన్ని ఏళ్ళుగా ఆమె వేళ్ళు కొట్టే ఆ అమరికకు ఒక పేరుందని నాకు తెలియదు. ఆమె ఎప్పుడూ "నా కీబోర్డు" అనేది. నేనెప్పుడూ దాని పేరేమిటని అడగలేదు.

తర్వాతి మూడు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. కొత్త అమరిక బొమ్మను కాగితం మీద గీసుకుని గోడకు అంటించింది. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. ఒకటో తరగతి పిల్లలా "కమల, పలక" దగ్గర మొదలుపెట్టింది. మొదటిసారి ఆమె కీబోర్డు వైపు వంగి చూస్తూ కొట్టడం చూశాను. రాత్రింబవళ్ళు నడిచిన ఇంట్లో గుడ్డిదీపం పట్టుకుని తడుముతున్నట్టు ఉంది. చపాతీ పిండి కలుపుతూ పళ్ళెం అంచు మీద వేళ్ళు కదిలించేది. సాయంత్రానికి మెడ పట్టేసేది. జండూబామ్ వాసన కారం వాసనను జయించింది. నేను కొట్టులోంచి, "కొద్దిరోజులు అంతేలే, అలవాటైపోద్ది" అని ధైర్యం చెప్పేవాణ్ణి. ధైర్యం చెప్పడానికి ఖర్చు లేదు.

వైశాఖం మొదటి మ్యాటరు వచ్చింది, పది శుభలేఖలు. మామూలుగా అయితే రెండు మధ్యాహ్నాల పని. ఆరు రోజులు పట్టింది. అందులోనూ ఒక వరుడి పేరులో వత్తు జారి, పెళ్ళివారు ప్రెస్సు దగ్గరికొచ్చి కేకలేశారట. ప్రెస్సాయన ఫోన్ చేశాడు. ఆమె స్పీకరు పెట్టింది.

"చెల్లెమ్మా, ఏంది ఇది? నీ చేతిలో వత్తు జారడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు."

"కీబోర్డు మారింది అన్నయ్యా. పాతది రావట్లేదంట. ఇంకో వారంలో చెయ్యి తిరుగుద్ది."

"నువ్వు తిప్పుకో. ఈలోపు సగం ఆ పిల్లకి ఇస్తన్నా. ఏమనుకోమాక."

ఫోను పెట్టేసి ఆమె నన్నేమీ అనలేదు. నిజానికి అనడానికి ఏముంది, కంపెనీది కదా తప్పు. మళ్ళీ వెళ్ళి కూర్చుంది. నేను కొట్టులోకి వచ్చి, ఒక ముసలాయనకు కందిపప్పు బదులు శనగపప్పు తూచాను.

రెండు రోజులకు మేష్టారమ్మ సరుకులకొచ్చింది. మిషను ఎట్టా నడుస్తోందో చూస్తానని వెనక గదిలోకి వెళ్ళింది. నేను బయట పంచదార తూస్తున్నాను. అన్నీ వినబడుతున్నాయి.

"పిన్నీ, గోడమీద ఈ బొమ్మేంది? ఈ వయసులో ఇన్‌స్క్రిప్టు నేర్చుకుంటన్నావా? గట్టిదానివే."

"నేను యాపిలే కొట్టేదాన్నమ్మా మొదట్నించీ, ప్రెస్సులో అందరూ కొట్టేది అదే. అది ఇప్పుడు రావట్లేదంటగా."

"ఎవరన్నారు? ఉందిగా. ఇదిగో, తెలుగు కిందే ఉంది చూడు."

పంచదార సంచి తూకం మీదే ఉండిపోయింది. గిరాకీ "ఏమయ్యో, చాలు, దించు" అంటోంది. యాపిల్. నా కళ్ళతో నేను చూసిన పేరు. ఖరీదు సరుకని దాటేసిన పేరు. రెండు నిమిషాలకు మేష్టారమ్మ బయటికొచ్చి, నా మొహం చూసి, ఏం అర్థమైందో, సరుకుల చీటీ కూడా ఇవ్వకుండా "రేపొస్తా బాబాయ్" అని వెళ్ళిపోయింది.

లోపలికి వెళ్ళాను. ఆమె జాబితా తెరిచి పెట్టుకుని చూస్తోంది.

"ఇది మీరు చూశారా ఆ రోజు?"

"చూశా."

"చూసి?"

"అది నీదని తెలవదే. ఫోన్లవాళ్ళదనుకున్నా. ఏదో నోటికొచ్చింది."

అరిచి ఉంటే బాగుండేది. అరుపులకు నా దగ్గర బదులుంటుంది. ఆమె గోడ మీది కాగితాన్ని నాలుగు మూలలా గోటితో జాగ్రత్తగా ఊడదీసి, మడిచి, బల్ల సొరుగులో పెట్టింది.

"మూడు వారాలు నాకు ముసల్దాన్నయ్యాననిపించింది," అంది. "చెయ్యి పడిపోయిందనుకున్నా. పేటకి ఫోన్ చేసి ఇక చాలు అన్నయ్యా అని చెబుదామని నిన్న ఫోన్ చేతిలోకి తీసుకున్నా కూడా."

పాత అమరిక పెట్టుకుంది. అంతటితో అయిపోతుందనుకున్నాను. అవలేదు. వేళ్ళు ఇప్పుడు రెండు ఊళ్ళ మధ్య ఆగిపోయాయి. ఒక అక్షరం పాత చోట, ఒకటి కొత్త చోట. "చిరంజీవి" కొట్టబోతే తెర మీద పడినదాన్ని ఏ భాషవాళ్ళూ చదవలేరు. నేర్చుకున్నది మరిచిపోవడం నేర్చుకోవడం కంటే కష్టమట. మూడు రోజులు పాత శుభలేఖలే మళ్ళీ మళ్ళీ కొట్టింది. భోజనం నేను వండాను. అది ఆమెకు రెండో శిక్ష.

నాలుగో రోజు మధ్యాహ్నం ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.

"అన్నయ్యకి చెయ్యండి. మీరే చెప్పండి."

స్పీకరు పెట్టి చేశాను. "బావా, మిషను సెట్టయింది" అని మొదలుపెట్టాను. ఆమె కదలకుండా నిలబడి ఉంది. "మిషను కాదు బావా. మిషను ఎప్పుడో బాగైంది. కీబోర్డు ఉన్నా లేదని చెప్పింది నేను. నీ చెల్లెమ్మ తప్పు లేదు. ఆ సగం మ్యాటరు మళ్ళీ ఇప్పించు."

అటువైపు నవ్వు. "ఓరి దేవుడా! రేటు తగ్గించమని అడగడం విన్నా గానీ, నిన్ను నువ్వు తగ్గించుకోవడం ఇదే వినడం. కానీ ఎట్టా బావా? ఆ పిల్లకి మాటిచ్చా. ఆమె కూడా బతకాలి గదా. పోనీ, ఆ పిల్ల కొట్టినవి చెల్లెమ్మకి పంపుతా, తప్పులు చూసిపెట్టమను."

నేను సరేనబోయాను. దొరికింది పట్టుకోవడం మా పద్ధతి. ఆమె ఫోను లాక్కుంది.

"చూసిపెట్టేదాన్ని కాదు అన్నయ్యా, కొట్టేదాన్ని. నీ బల్లమీద ఇప్పుడు ఏ మ్యాటరుంది? చదువు."

"ఇప్పుడా?"

"చదువు. ఫోటో వద్దు."

ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. నూజెండ్ల పెళ్ళివారు. ముందు నెమ్మదిగా, తర్వాత కావాలనే వేగంగా. ఆమె ఫోను బియ్యం బస్తా మీద పెట్టి, కళ్ళు మూసుకున్నంత పని చేసి కొడుతోంది. ముత్తాతల పేర్లు, గోత్రాలు, లగ్నం, విందు, అడుగున పిల్లల పేరుతో ముద్దుగా రాసే రెండు వాక్యాలు. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఒకసారి కింది పెదవి కొరుక్కుని వెనక్కి వెళ్ళి దిద్దింది. ఆయన చదవడం ఆపేసరికి, "ఇంకా?" అంది. తయారుగా ఉన్న శుభలేఖ అంచుల్లో అమర్చి పంపింది.

అటువైపు ఆయన గొణుగుతూ చదువుకుంటున్నాడు. ప్రెస్సు మిషను చప్పుడు వినబడుతోంది.

"మూడో వరసలో ఒక వత్తు."

"ఏది?" చూసింది. కొత్త అమరిక తాలూకు వేలు ఒకటి అడ్డొచ్చింది. దిద్ది మళ్ళీ పంపింది.

"చెల్లెమ్మా, వైశాఖం సగం ఆ పిల్లదే. అది మార్చను. జ్యేష్ఠం మాత్రం మొత్తం నీకే పంపుతా."

నేను పక్కనుంచి చేతులూపుతూ సైగ చేస్తున్నాను. ఇంకొంచెం లాగు, ఇంకో నాలుగు కార్డులన్నా అడుగు, మెత్తబడ్డాడు అని. ఆమె నావైపు చూసింది.

"సరే అన్నయ్యా. ఆ పిల్లకి వత్తుల దగ్గర ఇబ్బందిగా ఉంటే నాకు ఫోన్ చెయ్యమను," అని పెట్టేసింది.

"మెత్తబడ్డాడే. అడిగితే ఇచ్చేవాడు," అన్నాను.

"మీరు కొట్టులోకి పొండి. ఎవరో పిలుస్తన్నారు."

నిజంగానే ఎవరో పిలుస్తున్నారు. షట్టరు పూర్తిగా ఎత్తి, వచ్చినామె అడిగిన మినప్పప్పు తూకంలో పోశాను. వెనక గదిలోంచి కీబోర్డు చప్పుడు మొదలైంది. నాలుగైదు మాటల దాకా గడగడా నడుస్తుంది, ఎక్కడో ఒకచోట ఆగుతుంది, మళ్ళీ నడుస్తుంది. ఆగినప్పుడల్లా నా చెయ్యి కూడా తూకం మీద ఆగుతోంది.